డాష్‌బోర్డు వెనక మూడు తలుపులు

ఏడో తరగతి మధ్యలో లెక్కల మాస్టారు నన్ను ఎండలో నిలబెట్టారు. నేను నీడ వెతుక్కుంటూ వెళ్ళాను, మళ్ళీ బడికి తిరిగి రాలేదు. ఆ నీడ వెతుక్కోవడమే చివరికి నా వృత్తి అయింది. కొన్నేళ్ళు విశాఖపట్నంలో నేర్చుకుని, ఆ తర్వాత జీవితమంతా మా చోడవరంలో బళ్ళ ఏసీలు బాగుచేశాను. నాతో చదివి పాసైన వాళ్ళు ఆఫీసుల్లో ఫ్యాను కింద చెమటలు కక్కారు. ఫెయిలైన నేను చల్లగా కూర్చున్నాను.

ఇప్పుడు షెడ్డు మూసేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "దానియేలు గారూ, ఏమైనా కిటుకులుంటే చెప్పండి" అంటారు. గ్యాసు ఎంత పట్టాలో, కంప్రెసరు ఎప్పుడు మార్చాలో ఫోన్లోనే దొరుకుతుంది, దానికి నా మొహం చూడక్కర్లేదు. దొరకనిది ఒకటుంది. నేను గొప్పగా చెప్పుకున్న నా చేతిపనే ఎస్తేరు అనే అమ్మాయిని చావు అంచుదాకా తీసుకెళ్ళింది. అది కూడా దయ్యం వేషంలో వచ్చింది. నవ్వుకుంటారేమో, నేనూ అప్పుడు నవ్వాను. అందుకే రాస్తున్నాను.

చీకటి ఇల్లు

నేను చెప్పబోయే సంగతి అర్థం కావాలంటే డాష్‌బోర్డు వెనక ఏముందో తెలియాలి.

అక్కడ ఒక చిన్న చీకటి ఇల్లు ఉంటుంది. అందులో రెండు గదులు. ఒక గదిలో మంచులాంటి గొట్టాలు, ఇంకో గదిలో మరిగే నీళ్ళు. ఇంజను చల్లబడటానికి తిరిగే నీళ్ళే ఆ రెండో గదిలోకి వచ్చి పోతుంటాయి. దాన్నే హీటరు అంటారు. "చోడవరంలో హీటరెందుకయ్యా" అని నన్ను అడగని మనిషి లేడు. నిజమే, మే నెలలో మా ఊరే హీటరు. కానీ బండి తయారుచేసేవాడు మంచు కురిసే ఊరికీ మనకీ ఒకే బండి పంపుతాడు. కాబట్టి ఎంత ఎండలోనైనా మీ మోకాళ్ళకి జానెడు దూరంలో మరిగే నీళ్ళున్న గది ఒకటి కాచుకుని ఉంటుంది.

ఈ ఇంటికి మూడు తలుపులు. మేం ఫ్లాపులంటాం. మొదటిది చల్లగదికీ వేడిగదికీ మధ్య ఉంటుంది. చాలా బళ్ళలో మీరు నీలం రంగు వైపు నాబు తిప్పితే చల్లదనం పెరగదు, ఈ తలుపు జరిగి వేడిగదిని మూస్తుంది, అంతే. రెండోది గాలిని మొహానికా, కాళ్ళకా, అద్దానికా అని పంచుతుంది. మూడోది అన్నిటికంటే ముందు ఉంటుంది. బయటి గాలిని లోపలికి రానివ్వాలా, లేక లోపలి గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పాలా అని తేల్చేది అదే. బండి బొమ్మలో వంకర బాణం ఉన్న మీట చూసే ఉంటారు. అందరూ దాన్ని ఒక పక్కకి తోసి మరిచిపోతారు.

పాత బళ్ళలో ఈ తలుపుల్ని కేబులు లాగుతుంది. కొత్త బళ్ళలో అగ్గిపెట్టెంత మోటార్లు లాగుతాయి. కొన్ని బళ్ళలో తాళం తీసేశాక కూడా ఆ మోటారు తన తలుపు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం, మనిషి లేని బండిలోంచి టిక్ టిక్ టిక్ అని, తర్వాత తలుపు మెల్లగా వాలిన చప్పుడు. లోపల ఎవరో గది మారినట్టుంటుంది. కారణం తెలిసినా నా వెన్ను జలదరించేది. "ఎవరండీ లోపల, టీ కావాలా" అని అడిగి నా భయాన్ని నేనే ఎగతాళి చేసుకునేవాణ్ణి.

ఒకసారి కె.కోటపాడు నుంచి ఒక బెల్లం వ్యాపారి వచ్చాడు. ఏసీ చల్లబడటం లేదన్నాడు. గ్యాసు పట్టాను. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పట్టాను. మూడోసారి వచ్చి, "ఒరే దానియేలూ, ఈ బండిలో ఎసరెట్టుకుంటే అన్నం ఉడికిపోద్దేమో, ఓపాలి సూడు" అన్నాడు. సిగ్గుతో డాష్‌బోర్డు విప్పాను. గ్యాసు నిండుగానే ఉంది. మొదటి తలుపు కేబులు క్లిప్పు ఊడి, వేడిగది వారగా తెరుచుకుని ఉంది. చల్లగాలి ప్రతిసారీ ఆ గది గుండా నడిచొస్తోంది. చల్లదనం రాకపోతే చల్లదనం ఎక్కడ పోయిందని కాదు, వేడి ఎక్కడినుంచి వస్తోందని వెతకాలి. ఆ ముక్క నేర్చుకోవడానికి నాకు రెండు సిలిండర్ల గ్యాసు పట్టింది. మీకు ఉచితం.

మేస్త్రి నిద్ర

విశాఖపట్నంలో నాకు పని నేర్పిన మనిషి రహీం మేస్త్రి. ఏ బండి వచ్చినా ఆయన ముందు పానా పట్టుకోడు. వెనక సీట్లో ఎక్కి, అద్దాలన్నీ ఎత్తించి, ఏసీ వేయించి, కళ్ళు మూసుకుని పది నిమిషాలు కూర్చుంటాడు. బండి యజమానిని, వాళ్ళావిణ్ణి, పిల్లల్ని కూడా ఎక్కించుకునేవాడు. యజమాని నసిగితే, "ఖాళీ బండి అబద్ధమాడుతుంది సారూ, నిండాకే నోరిప్పుతుంది" అనేవాడు.

మేమంతా దాన్ని మేస్త్రి నిద్ర అనేవాళ్ళం. ఊరందరి బళ్ళలో ఉచితంగా కునుకు తీస్తాడని నవ్వుకునేవాళ్ళం. నేనైతే ఒకసారి ఆయన కూర్చున్న కారు మీద దుప్పటి కూడా కప్పాను. ఆయన దిగి, నా చెవి మెలిపెట్టి, "ఒరే, నువ్వు చేత్తో నేర్చుకుంటున్నావు. ముక్కుతో, ఒంటితో కూడా నేర్చుకో" అన్నాడు. చెవి నొప్పి గుర్తుంది. మాటని మాత్రం షెడ్డు పెట్టుకున్న మొదటి ఏడాదే పక్కన పెట్టేశాను. నాకు పని ఎక్కువ. కూర్చోడానికి తీరిక ఎక్కడిది?

దానియేలు కట్టు

చెరుకు గానుగ కాలంలో మా రోడ్ల సంగతి బయటివాళ్ళకి తెలియదు. వరసగా చెరుకు ట్రాక్టర్లు, వాటి వెనక దుమ్ము, చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ నుంచి నల్లగా రాలే బూడిద పొరలు, ఊరంతా పులిసిన చెరుకు మడ్డి వాసన. పుట్టినప్పటి నుంచి పీలుస్తున్న వాసనే. కానీ బండి కొన్నవాడికి బండితోపాటు కొత్త ముక్కు కూడా వస్తుంది. "ఈ కంపు లోపలికి రాకూడదు" అని వచ్చి నిలబడేవారు.

మూడో తలుపు మూస్తే రాదు. కానీ దుమ్ము పట్టి ఆ తలుపు మా బళ్ళలో సరిగ్గా ఆనదు, వారగా ఉండిపోతుంది. అందుకని నేనొక కిటుకు కనిపెట్టాను. తలుపు అంచుకి స్పాంజి అంటించి, లోపలి నుంచి సన్నటి ఇనప తీగతో బిగించి, ఇంక జన్మలో తెరుచుకోకుండా కట్టేసేవాణ్ణి. ఏసీ కూడా త్వరగా చల్లబడేది. జనం మెచ్చుకున్నారు. దానికి 'దానియేలు కట్టు' అని పేరొచ్చింది. వడ్డాది నుంచి, రోలుగుంట నుంచి వచ్చి మరీ కట్టించుకున్నారు. చదువు లేనివాడి పేరు మీద ఒక పద్ధతి నిలబడిందంటే ఛాతీ పొంగదా? పొంగింది.

మా చర్చికి ఒక పెట్రోలు వ్యాను ఉండేది. క్వయర్ ఆడవాళ్ళు ఎనిమిదిమంది ఆదివారాలు దానిలో పల్లెలకి వెళ్ళి పాడేవారు. ఆ క్వయర్‌కి రూతమ్మ పెద్ద. ఊళ్ళో ఆమెను ఎరగనివాళ్ళు ఉండొచ్చు, ఆమె గొంతును ఎరగనివాళ్ళు లేరు. ఒక గానుగ కాలంలో ఆమే వ్యానుతో నా షెడ్డుకి వచ్చింది.

"తమ్ముడూ, ఈ దుమ్ముకి గొంతులు పోతన్నాయి. నువ్వేదో కట్టు కడతావంట గదా, మాకూ కట్టీ."

"కడతాను గానీ అక్కా, నీ గొంతు బయటికి రాకుండా కట్టమని మీ ఇంటాయన అడిగేడు. ఏటి సెయ్యమంటావు?"

ఆమె నవ్వి నా నెత్తి మీద పాటల పుస్తకంతో ఒకటి వేసింది. నేను కట్టాను. నా చేత్తోనే.

తర్వాతి ఏడు ఎండాకాలంలో, రోలుగుంట నుంచి తిరిగొస్తూ, రూతమ్మ ఆ వ్యాను చివరి సీట్లో నిద్రపోయి మళ్ళీ లేవలేదు. బీపీ ఉంది, ఆ రోజు ఉపవాసం కూడా. గుండె ఆగిందన్నారు. అందరం ఏడ్చాం, పాతిపెట్టాం. ఆమె చోటు కూతురు ఎస్తేరుకి ఇచ్చారు. పాతికేళ్ళ పిల్ల, నర్సరీ బడిలో టీచరు.

తొమ్మిదో గొంతు

ఏడాది తిరిగింది. మళ్ళీ గానుగలు మొదలయ్యాక, ఒక శుక్రవారం పొద్దున్న వ్యాను డ్రైవరు సింహాచలం వచ్చాడు. హాస్యానికి లొంగని మనిషి. దవడలో ఎప్పుడూ కిళ్ళీ ఉండటం వల్ల మాట సగమే బయటికొస్తుంది.

"అన్నియ్యా, బండిలో ఎవులో ఉన్నారు."

"ఎవులుంటారు రా? నువ్వున్నావు. అంతకంటే దయ్యం ఏటి కావాలి?"

"నవ్వులాట కాదు. ఎనిమిదిమంది పాడతంటే తొమ్మిదో గొంతు ఇనబడతందంట. ఎనక సీటోళ్ళకి బాగా ఇనబడతంది. ఈళ్ళు పాట ఆపీసినా అది ఆగదంట."

"తొమ్మిదో ఆవిడికి సీటు లేదని సెప్పకపోయేవా?"

సింహాచలం కిళ్ళీ ఉమ్మేసి దగ్గరికొచ్చాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఎస్తేరు గుంట ఆళ్ళమ్మ సీట్లోనే కూకుంటాది. ఇంకెవుల్నీ కూకోనివ్వదు. మొన్న ఆదారం లెగలేదు అన్నియ్యా. ఊరొచ్చీసింది, అందరూ దిగిపోనారు, ఇది కూకున్నది కూకున్నట్టే ఉండిపోయింది. మొకం మీద నీళ్ళు కొట్టి, భుజాలట్టుకుని కుదిపితే గానీ కళ్ళు తెరవలేదు. తెరిచి ఏటందో తెలుసునా? 'ఎందుకు లేపేరు, అమ్మ పాడతంది' అంది. ఎల్లుండి మళ్ళీ రోలుగుంట ప్రయాణం. ఈపాలి లెగకపోతేనో?"

వ్యాను చూశాను. తలుపులు తెరిచి, బయట నిలబడి, ఏసీ వేశాను. చల్లగా ఉంది. గొంతూ లేదు, గోలా లేదు. మూడో తలుపు దగ్గర టార్చి వేసి చూస్తే నా కట్టు చెక్కుచెదరలేదు. లోపల్లోపల మురిసిపోయాను కూడా.

"బండి బాగుంది రా. దయ్యానికి కూడా మన ఏసీ నచ్చింది, అంతే."

"జనం లేకపోతే పాడదు అన్నియ్యా. జనంతో రా."

అప్పటికి గుర్తొచ్చాడు రహీం మేస్త్రి. చెవి మీదికి చెయ్యి వెళ్ళింది.

రోలుగుంట రోడ్డు మీద

శనివారం పది గంటలకి, మంచి ఎండలో, క్వయర్ మొత్తాన్ని ఎక్కించుకున్నాం. ఒకామె రాలేదు, ఆ చోటు నాది. నేను చివరి సీట్లో ఎస్తేరు పక్కన కూర్చోబోతే ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"మావయ్యా, ఏసీ సూసుకో గానీ ఈ సీటు జోలికి రాకు."

"ఏటమ్మా, ఈ సీట్లో ఏటుంది?"

"అమ్మ ఉంది."

ఏ భయమూ లేకుండా, పక్కింట్లో ఉందన్నట్టు చెప్పింది. ఆమె సీటుకి తగలకుండా అదే వరసలో పక్కకి సర్దుకుని కూర్చున్నాను. మొహం పాలిపోయి ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. ప్రతి ఆదివారం తర్వాత రెండు రోజులు తలపోటుతో లేవలేదని వాళ్ళ పిన్ని ముందు సీట్లోంచి గొణిగింది. రక్తం తక్కువని మాత్రలు వాడుతున్నారట.

అద్దాలెత్తాం. ఒక్క సింహాచలం అద్దం మాత్రం రెండు వేళ్ళంత దిగి ఉంది, కిళ్ళీ ఉమ్మడానికి. ఫ్యాను మూడో నంబరులో పెట్టించాను. ఊరు దాటాం. రెండు పక్కలా చెరుకు తోటలు, ముందు ట్రాక్టరు దుమ్ము, లోపల మాత్రం చల్లగా, నిశ్శబ్దంగా, గాజుసీసాలో ఉన్నట్టుంది. వాళ్ళు పాట అందుకున్నారు.

రెండో చరణంలో విన్నాను.

నా తల పైన, వెనక సీటుకి గాలి వచ్చే రూఫ్ వెంటులోంచి, సన్నగా, ఆడగొంతు. మాటల్లేవు. పాటకి కింద ఇంకో పాటలా సాగుతోంది. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. నేను ఎస్తేరు వైపు చూశాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

"ఇనబడిందా మావయ్యా?"

"ఇనబడింది. మీ అమ్మ ఇంకా శృతి..." అని మొదలుపెట్టాను. ఏదో జోకు. రెండో సగం ఏమిటో మరిచిపోయాను. నా జీవితంలో జోకు మధ్యలో వదిలేసింది అదే మొదటిసారి. వెతికితే దొరకలేదు, వెతకాలనీ అనిపించలేదు. తల బరువెక్కింది, కానీ హాయిగా ఉంది. ఆడవాళ్ళు బ్రహ్మాండంగా పాడుతున్నారు. అన్ని గొంతులకీ పైన రూతమ్మ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. ఎస్తేరు తల నా భుజం మీదికి వాలింది. పాపం, అలిసిపోయింది, నిద్రపోనీ అనుకున్నాను. లేపకూడదని భుజం కదపకుండా కూర్చున్నాను.

వ్యాను ఆగింది. సింహాచలం వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"అన్నియ్యా, ఏటి అందరూ అలగున్నారు? పలకరేటి?"

"పాడతంటే పలకమంటావేటి రా" అన్నాను. నాలుక ముద్దగా ఉంది.

"ఎవులు పాడతన్నారు? కల్వర్టు దాటినకాడి నుంచీ పాట లేదు. ఎవులూ నోరు మెదపలేదు."

ముందు సీట్లలోకి చూశాను. ఆరుగురిలో ఒక్కరి పెదవులూ కదలడం లేదు. తలలు పక్కలకి వాలి ఉన్నాయి. ఒళ్ళో పుస్తకాలు తెరిచే ఉన్నాయి. నా చెవుల్లో మాత్రం పాట సాగుతూనే ఉంది.

తలుపు తీసింది నేనేనని సింహాచలం అంటాడు, నాకు జ్ఞాపకం లేదు. రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని కక్కుకోవడం జ్ఞాపకం ఉంది. గాలి తగిలేసరికి ఒక్కొక్కరే మూలుగుతూ లేచారు. ఎస్తేరు లేవలేదు. ఇద్దరం మోసుకొచ్చి చెరుకు తోట గట్టు మీద పడుకోబెట్టాం. శ్వాస ఉందో లేదో తెలియనంత సన్నగా ఉంది. ఎదురొచ్చిన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆ పిల్ల తల నా ఒళ్ళో ఉంది. దారంతా ఒకటే మాట చెప్పాను: "పాడకమ్మా, మీ అమ్మతో పాడకు, ఇటు రా."

డాక్టరు ఆక్సిజన్ పెట్టి, రక్తం పరీక్షకి పంపి, "మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఏమైనా పెట్టుకున్నారా?" అని అడిగారు. లేదన్నాం. ఇది బళ్ళ పొగలో కూడా ఉండే విషవాయువని, రంగూ వాసనా ఉండవని, మనిషిని జోకొట్టి తీసుకుపోతుందని చెప్పారు. లేనివి వినిపిస్తాయి, కనిపిస్తాయి కూడా అన్నారు. దాని పేరు చెప్పారు, నాకు నోరు తిరగలేదు. ఇంకో గంట ఆలస్యమైతే ఈ అమ్మాయి మిగిలేది కాదన్నారు. ఆ మాట అర్థం కావడానికి మాత్రం చదువు అక్కర్లేదు.

విప్పి చూస్తే

మర్నాడు చర్చికి వెళ్ళలేదు. సింహాచలం, నేను వ్యానుని షెడ్డులో ఎత్తి పెట్టాం. వెనక సీట్లలో మనుషుల బరువుకి సరిపడా ఇసక బస్తాలు వేశాం. ఖాళీగా ఉన్నప్పుడు అతుక్కుని ఉన్న సైలెన్సరు గొట్టం అతుకు, బరువు పడగానే నోరు తెరిచింది. దానికి సరిగ్గా పైన, చివరి సీటు కింద, నేలరేకుకి ఉండాల్సిన రబ్బరు బిరడా లేదు. బొటనవేలు పట్టేంత కన్నం.

మరి అంత చిన్న కన్నంలోంచి ఇంత పొగా? ఇక్కడే నా సంగతి వస్తుంది. మూడో తలుపు తెరిచి ఉంటే ఫ్యాను బయటి గాలిని లోపలికి తోస్తూ ఉంటుంది. లోపల గాలి ఒత్తుకుని, ప్రతి సందులోంచీ బయటికి పోతుంది. కన్నం ఉన్నా పొగ ఎదురీది రావడం కష్టం. వచ్చిన కాస్తా పలచబడిపోతుంది. తలుపు కట్టేస్తే ఆ తోపు పోతుంది. కింద కన్నంలోంచి వచ్చిన పొగ వచ్చినట్టే లోపల ఉండిపోతుంది. ఎనిమిదిమంది వదిలిన ఊపిరి, ఆ పొగ, రెండూ కలిపి చల్లబరిచి మళ్ళీ వాళ్ళ మొహాల మీదికే పంపాను. దుమ్ము మాత్రం రాలేదు. అందులో నా పనికి వంక పెట్టలేరు.

గొంతు కూడా దొరికింది. తలుపులు మూసి, ఫ్యాను మూడో నంబరులో పెట్టి, రూఫ్ వెంటుకి చెవి ఆనించాను. నేను బిగించిన తీగ గాలి లాగే దారికి అడ్డంగా ఉంది. ఆ వేగంలో తీగ మోగుతోంది. వెనక్కి వెళ్ళే గొట్టం ఆ మోతని మోసుకొచ్చి వెనక సీటు మీద దింపుతోంది. సింహాచలం కూడా విని దండం పెట్టుకున్నాడు. నేను కటింగ్ ప్లేయరుతో తెంపాను. ఆగిపోయింది.

కానీ ఒక మాట దాచను. తీగ ఒక్క స్వరమే పలుకుతుంది. రోడ్డు మీద నేను విన్నది పూర్తి చరణం. మిగతా స్వరాలు పొగ ఎక్కిన నా బుర్రే కలుపుకుందని డాక్టరు అంటారు. నమ్ముతాను. చరణం చివర రూతమ్మ ఒక చిన్న విరుపు విరిచేది, ఆమె తప్ప ఎవరూ విరవలేరు. అది కూడా విన్నాను. నా బుర్రకి పాటలో ఓనమాలు రావు.

తీగ ముక్క చేతిలో పట్టుకుని నేల మీద కూలబడ్డాను. రూతమ్మ పోయింది కూడా ఈ సీట్లోనే. అప్పటికి ఆ అతుకు విడిందో లేదో నాకు తెలియదు. తెలిసే దారీ లేదు. ఆమె గుండె నిజంగానే ఆగి ఉండొచ్చు. ఈ 'ఉండొచ్చు' పట్టుకుని చాలామంది మెకానిక్కులు హాయిగా నిద్రపోతారు. నేను కూడా పడుకుని చూశాను. పట్టలేదు.

చెప్పడం

పది రోజుల తర్వాత ఎస్తేరు షెడ్డుకి వచ్చింది. బుగ్గల్లో కొంచెం రంగు తిరిగింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అమ్మ గొంతు తీసీసేవంట గదా మావయ్యా."

"అది అమ్మ కాదమ్మా. తీగ. నేను కట్టిన తీగ."

"సింహాచలం మావయ్య సెప్పేడు. నాకు తీగ సంగతి వద్దు. రెండ్రోజులు తలపోటొస్తే రానీ, నేను ఓర్సుకుంటాను. మళ్ళీ కట్టీ."

ఈ పిల్ల మళ్ళీ ఏదో ఒక మూసిన బండి చివరి సీట్లో కూర్చుని వాళ్ళమ్మ కోసం కాచుకుంటుందని అర్థమైంది. అందుకని ఉన్నదంతా చెప్పాను. కట్టమని వాళ్ళమ్మే అడిగిందని, నేను కట్టానని, తలుపు మూస్తే ఏమవుతుందో తెలుసుకోకుండానే కట్టానని, ఆ రోజు వాళ్ళమ్మని తీసుకుపోయింది కూడా ఇదే కావచ్చని.

ఎస్తేరు బయట వెళ్తున్న చెరుకు ట్రాక్టరు వైపు తిరిగింది. అది కనుమరుగయ్యాక అంది:

"ఆ రోజు అమ్మ నిద్దరోతందనుకున్నాం మావయ్యా. లెగిసిపోద్దని, గొంతులు తగ్గించి పాడేం."

నేను తల ఎత్తలేకపోయాను. నేనూ ఆ పిల్లని లేపకుండా భుజం కదపకుండా కూర్చున్నానని చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

"ఇలాటియి ఇంకెన్ని కట్టేవు?"

"తెలీదమ్మా."

"తెలీకపోడమేటి? ఎన్నేళ్ళ నుంచీ కడతన్నావు? ఎవులెవులికి కట్టేవు?"

"ఊరికి సగంమందికి. రాసుకోలేదు."

కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు మారింది. నర్సరీ పిల్లల్ని లైనులో నిలబెట్టే గొంతు.

"ఆదారం చర్చిలో ప్రకటనలు నేనే సదవాలి. ఇది సదువుతాను. నీ పేరెట్టి సదవమంటావా, పేరు లేకండానా?"

జీవితమంతా ప్రతి మాటకీ ఒక సమాధానం ఉన్న నోరు నాది. అప్పుడు దానిలోంచి వచ్చింది రెండే మాటలు.

"పేరు వద్దమ్మా."

"సరే" అంది. వెళ్ళిపోయింది.

ఆదివారం మగవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక ఎస్తేరు కాగితం పట్టుకుని నిలబడింది. ఎవరికి జబ్బు, ఎవరింట్లో ప్రార్థన కూడిక అన్నీ చదివి, తర్వాత తలెత్తకుండా చదివింది: దుమ్ము రాకుండా బండి ఏసీ తలుపు కట్టించుకున్నవాళ్ళు దాన్ని వెంటనే విప్పించుకోవాలి, అప్పటిదాకా అద్దాలు దించుకుని వెళ్ళాలి, నేను అలా కట్టిన బండిలో చచ్చి బతికాను.

ఎవరో దగ్గారు. ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "కట్టింది ఎవులమ్మా?" అన్నాడు. తెలియక కాదు. ఆయన బండికి కట్టింది కూడా నేనే. అందరి తలలూ నా వైపు తిరగకుండా బిగుసుకుని ఉన్నాయి. ఎస్తేరు కాగితం వైపే చూస్తోంది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటోంది. పేరు చెప్పదని నాకు తెలుసు. ఎన్నిసార్లు అడిగినా చెప్పదు.

నేను లేచి నిలబడ్డాను.

"నేనే కట్టేను. రూతమ్మక్క బండికీ నేనే కట్టేను. అందరియీ నేనే ఇప్పుతాను."

పెద్దాయన మెల్లగా కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. పాస్టరు అయ్యగారు ఆశీర్వాదం చెప్పి పంపేశారు.

బయటికి వచ్చేసరికి పన్నెండు గంటల ఎండ. చర్చి ముందు వరసగా బళ్ళు. ఎప్పుడూ ప్రార్థన కాగానే తోసుకుంటూ ఎక్కే జనం ఆ రోజు ఒక్కరూ ఎక్కలేదు. తమ బళ్ళ తలుపులన్నీ బార్లా తెరిచి, పిల్లల్ని చేత్తో వెనక్కి పట్టుకుని, దూరంగా గోడ నీడలోకి వెళ్ళి నిలబడ్డారు. లోపల ఎవరో ఉన్నట్టు, వాళ్ళు దిగి వెళ్ళేదాకా ఆగినట్టు, బళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. సింహాచలం నా పనిముట్ల పెట్టె తెచ్చి నేల మీద పెట్టాడు.

నేను మొదటి బండిలో నడుం వంచి డాష్‌బోర్డు కిందికి తల దూర్చాను. చీకటి. ఏమీ కనపడలేదు. భుజం మీదినుంచి టార్చి వెలుగు పడింది. ఎస్తేరు.

"తియ్యి మావయ్యా" అంది.